పాత ఇంజన్‌కీ ఒక పద్దు రాయండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వ్యవసాయ యాంత్రీకరణ పథకాలు చూసే అధికారులకు, ఆ పథకాలకు నిధులు రాసే పెద్దలకు నమస్కారం.

నేను విడవలూరు మండలంలో వరి పండించే రైతును. పుట్టిల్లు ప్రకాశం జిల్లా కొండపి వైపు, పొగాకు రైతుల ఇల్లు. అందుకే రెండు జిల్లాల వారికీ కలిపి ఒకే లేఖ రాస్తున్నాను. అడిగేది కూడా ఒక్కటే. కొత్త యంత్రం కొనుక్కోవడానికి మీ దగ్గర పథకం ఉంది. ఉన్న యంత్రాన్ని బాగు చేయించుకోవడానికి లేదు. దానికీ ఒక పద్దు రాయండి.

పాత సామాను మీద మమకారంతో రాస్తోందిలే అనుకుంటారేమో. మమకారం ఉంది, దాచుకోను. దసరాకి మా ఇంట్లో ఆయుధపూజ చేస్తే మా వాడి కొత్త మోటార్ సైకిల్ కంటే ముందు పాత ట్రాక్టర్‌కే బొట్టు పెడతాం. వాడికి కోపం వచ్చినా సరే. కానీ ఇక్కడ అడుగుతున్నది మాత్రం లెక్క చూసుకునే అడుగుతున్నాను.

2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు యంత్రం ధరలో 50 శాతం దాకా, మిగిలినవాళ్లకు 40 శాతం దాకా రాయితీ ఉంది. యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలకు వేరే రాయితీ ఉంది. మంచి పథకమే. రొటావేటర్లు, పవర్ టిల్లర్లు, స్ప్రేయర్లు చాలా ఊళ్లకు ఆ దారినే వచ్చాయి. అయితే అదే రొటావేటర్ బ్లేళ్లు అరిగి, గేర్ బాక్సు సీలు పోయి ఆయిల్ కారిపోయి, గోడ పక్కన పిచ్చి తీగలు అల్లుకుని పడి ఉంటే దాన్ని లేపి మళ్లీ కయ్యలో దించడానికి సాయం ఏదని వెతికితే కనిపించదు. రాయితీతో వచ్చిన యంత్రం కూడా ఏదో ఒక రోజు పాతది అవుతుంది కదా.

మరమ్మతు కూడా వ్యవసాయ ఖర్చేనని ప్రభుత్వానికి తెలియక కాదు. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి కట్టేటప్పుడు 20 శాతం వ్యవసాయ ఆస్తుల మరమ్మతు, నిర్వహణ కోసం కలపాలని ఆ పథకం నిబంధనల్లోనే ఉంది. మా చుట్టుపక్కల ఎవరిని అడిగినా ఈ సంగతి ఎరగమన్నారు. పంట రుణం అని ఒక మొత్తం చేతికి వస్తుంది. అందులో విత్తనం ఎంత, ఎరువు ఎంత, ఇంజన్ పని ఎంత అని ఎవరూ విడదీసి చెప్పరు. డబ్బు అందే వేళకు నాట్ల కూలీలు గుమ్మంలో ఉంటారు. ఇంజన్ సంగతి వచ్చే ఏటికి పోతుంది. ఆ 20 శాతం ముక్కను రైతు సేవా కేంద్రం గోడ మీద తెలుగులో రాయించినా సగం మేలు చేసినవాళ్లవుతారు.

మా ట్రాక్టర్ గురించి కాస్త చెప్పాలి. అది రెండు సిలిండర్ల, 25 హార్స్ పవర్ హెచ్ఎంటీ. మా మామ కొన్నాడు. అప్పటికి నేను ఈ ఇంటికి కోడలిగా రాలేదు. హెచ్ఎంటీ అంటే ఇప్పటి పిలకాయలకు చేతి గడియారమే గుర్తొస్తుంది. అదే ప్రభుత్వ సంస్థ 1971లో హర్యానాలోని పింజోర్‌లో, చెకొస్లొవేకియా వాళ్ల జెటర్ సాంకేతికతతో ట్రాక్టర్లు మొదలుపెట్టింది. మన దేశంలో ట్రాక్టర్ తయారీకి అప్పటికి పన్నెండేళ్ల వయసు. 1959లో ఐషర్ వాళ్లు ఫరీదాబాద్‌లో మొదటి బండి దించారు, 1960లో మద్రాసులో టాఫే వచ్చాక ఫెర్గూసన్ బండ్లు మనకు దగ్గర దారిలో దొరికాయి. 1974లో పంజాబ్ నుంచి స్వరాజ్ వచ్చింది. అది దుర్గాపూర్ ప్రభుత్వ పరిశోధన సంస్థలో మనవాళ్లు గీసిన నమూనా. ఈ పేర్లన్నీ మా మామకు చుట్టాల పేర్లలా నోటికి వచ్చేవి. ఎవరి పొలంలో ఏ బండి తిరుగుతోందో మంచం మీద పడుకుని శబ్దం విని చెప్పేవాడు.

2016లో హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. నష్టాల్లో ఉన్న ఫ్యాక్టరీ మూతపడింది, దాని మీద నాకు పేచీ లేదు. బండ్లు మాత్రం మూతపడలేదు. పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కంపెనీ పోయాక ఆ బండ్లకు దిక్కెవరు అన్న ప్రశ్న ఏ శాఖ ఫైల్లోనూ లేదు.

‘ఇంకా ఆ డొక్కు ఎందుకమ్మా, కొత్తది పెట్టుకోండి, లోన్ వస్తుంది’ అని ఒక ఆఫీసులో నాతో అన్నారు. లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చి ఇంజన్ పని చేయించుకోవాలి, ఏదైనా సాయం ఉందా అని అడగడానికి వెళ్లాను. ఆ మాట అన్న ఆయన మర్యాదగానే అన్నాడు, కుర్చీ కూడా వేశాడు. ఆ ఆఫీసు ఏదో చెప్పను, అన్నిచోట్లా అదే మాట వస్తుంది కాబట్టి. ఇక్కడ ఆయన అడగని ప్రశ్న ఒకటుంది. ఏడాదిలో ఈ బండి ఎన్నాళ్లు తిరుగుతుందని.

మాది చిన్న కమతం. పెద్ద పంటకు దమ్ము, రెండో పంట ఎడగారు పండితే ఇంకో దమ్ము, మధ్యలో ఎరువు తోలడం, వడ్లు మిల్లుకో రోడ్డు మీది కాటాకో తోలడం, వరిగడ్డి వామికి చేర్చడం. మిగతా రోజులన్నీ షెడ్డులోనే. అంత కొద్ది పనికి కొత్త బండి కొంటే కిస్తీ మాత్రం షెడ్డులో ఊరుకోదు. ఆరు నెలలకోసారి వస్తుంది. పుట్టి ధర పడిపోయిన ఏడాది కూడా వస్తుంది. పుట్టి అంటే మా జిల్లాలో 850 కిలోలు. పై నుంచి వచ్చే అధికారులు క్వింటాళ్లలో మాట్లాడతారు, మేం పుట్టిలో లెక్కపెట్టుకుంటాం. ఏ లెక్కలో చూసినా కిస్తీ లేని బండి ఇంట్లో ఉన్నవాడే ధర కోసం నాలుగు రోజులు ఆగగలడు. అలాంటివాడు అప్పుకు భయపడి కళ్లంలోనే అమ్ముకోడు. పాత ట్రాక్టర్‌కీ వడ్ల ధరకీ ఈ లంకె ఉందని ఎవరూ రాయరు గానీ మా ఇంట్లో అది ప్రతి మార్చిలోనూ తెలుస్తుంది.

ఇంకో సంగతి బరువు. పెన్నా డెల్టా చివర మా నేల బంకమన్ను. నీళ్లు పెట్టిన కయ్యలో పెద్ద ట్రాక్టర్ దిగితే ఇనుప చక్రాలు లోపలికి కోసుకుపోతాయి. అడుగున గట్టిపడి నీళ్లను నిలబెట్టే పొర విరిగిందంటే ఆ మడి ఇక నీళ్లు తాగుతూనే ఉంటుంది, మనిషి దిగినా మోకాలి లోతు కూరుకుపోతుంది. మా 25 హార్స్ పవర్ బండి తేలిక. చిన్న కయ్యలో గెనిమ (గట్టు) తెగ్గొట్టకుండా తిరిగి వస్తుంది. అద్దె కేంద్రాలకు యంత్రాలు ఎంచేటప్పుడు ఎంత పెద్దదైతే అంత గొప్ప అన్నట్టు ఎంచుతున్నారేమో ఒకసారి చూసుకోండి. మెట్ట దుక్కికి 50 హార్స్ పవర్ కావచ్చు, మాగాణికి అది బరువు.

పుట్టింట్లో మాకు ట్రాక్టర్ లేదు, ఆయిల్ ఇంజన్ ఉండేది. లిస్టర్ రకం, అటూ ఇటూ రెండు పెద్ద చక్రాలతో. ఇంగ్లండులో 1930 ప్రాంతంలో వచ్చిన నమూనా అది. దాన్ని చూసి గుజరాత్‌లోని రాజ్‌కోట్ చిన్న ఫ్యాక్టరీలు వేలకు వేలు పోతపోశాయి. ఆరు హార్స్ పవర్‌కి నిమిషానికి 650 చుట్లు. ఇప్పటి ఇంజన్లతో పోలిస్తే నడక అది, పరుగు కాదు. అందుకే అంతకాలం బతికింది.

దాన్ని స్టార్ట్ చేయడం నేర్చుకోవడం మా ఇంట్లో పెద్దపిల్లలైనట్టు లెక్క. మా నాయన ముందు నేర్పింది బొటనవేలి సంగతి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు చుట్టూ తిప్పి బిగించకూడదు, మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి. ఇంజన్ వెనక్కి తన్నిందంటే హ్యాండిల్ చేతిలోంచి జారిపోవాలి గానీ వేలు విరగకూడదు. తరవాత వాల్వ్ లివర్ ఎత్తి పెట్టి, గాలి ఒత్తిడి లేకుండా తిప్పుతూ వేగం అందుకోవాలి. చక్రాలు తమంతట తాము లాగుతున్నాయని చేతికి తెలిసిన క్షణంలో లివర్ దించాలి. ఒక్క దగ్గు, ఒక నల్ల పొగ ముద్ద, ఆ వెంటనే డుబ్బు డుబ్బు డుబ్బు. పంపు నీళ్లు అందుకోకపోతే బకెట్లో పేడ కలిపిన నీళ్లు పోసేవాళ్లం. పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వ్ సందుల్లో ఆ పేడ పట్టుకుని గాలి పోకుండా ఆపేది. ఈ వైద్యం ఏ మాన్యువల్లోనూ ఉండదు.

అక్టోబర్, నవంబర్ నెలల్లో పొగాకు నారు నాటేటప్పుడు బావి దగ్గర ఇంజన్ తెల్లవారుజామునే మొదలయ్యేది. తొట్టి నిండితే కావిళ్లతో మొక్క మొక్కకూ నీళ్లు మోసేవాళ్లు. మా అమ్మ ఇంటి దగ్గర వంట చేస్తూనే ఒక చెవి బావి వైపు పెట్టేది. పంపు నీళ్లు వదిలేసిందంటే ఇంజన్‌కి బరువు తగ్గి శబ్దం తేలికవుతుంది. ‘రేయ్, నీళ్లు పడటం లేదు, ఎవరన్నా పోండిరా’ అని అక్కడి నుంచే కేకేసేది. ఇంజన్ చల్లబడటానికి తిరిగే నీళ్లు వేడిగా బయటికి వచ్చేవి. చలికాలం పొద్దున మా స్నానాలు, పొగాకు కాల్చే బ్యారన్ పని చేసి మసిబట్టిన గుడ్డలు ఉతకడం అన్నీ ఆ నీళ్లతోనే. డీజిల్ డబ్బులు పెట్టాం, వేడి నీళ్లు ఎందుకు వదులుకోవాలని మా అమ్మ లెక్క.

2004 తరవాత ఉచిత కరెంటు వచ్చాక ఆ ఇంజన్లు మూలకు పడ్డాయి. అది సహజం. ఊరికే వచ్చే కరెంటును కాదని డీజిల్ పోసేవాడెవడు? కానీ మూలకు పడటానికీ పాత ఇనుము వాడికి పోవడానికీ మధ్య తేడా ఉంది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఆ తేడా మాకు కనిపించింది. స్తంభాలు ఒరిగాయి, కరెంటు పోయింది, నారుమళ్లు మునిగాయి. కరెంటు మోటార్లు అన్నీ బొమ్మల్లా నిలబడ్డాయి. మా వీధిలో ఒకాయన షెడ్డులోంచి పాత ఇంజన్ లాక్కొచ్చి నారుమడిలో నీళ్లు తోడాడు. ఆ ఇంజన్‌కి పట్టింది కాస్త డీజిల్, కాస్త చెమట. అందరి నారు బతికిందని చెప్పను. కొందరిది బతికింది. దాంతోనే మా పక్క కయ్యల్లో మళ్లీ నాట్లు పడ్డాయి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి రోడ్లూ రైలు పట్టాలూ తెగినప్పుడు కూడా మీరే చూశారు, పై నుంచి సాయం రావడానికి ఎంత టైం పడుతుందో. తుపాను జాగ్రత్తల జాబితాలో పడవలు, జేసీబీలు, జనరేటర్లు రాసుకుంటారు. ఏ ఊళ్లో ఎన్ని నడిచే ఆయిల్ ఇంజన్లు ఉన్నాయో కూడా అందులో ఒక గడి పెట్టి రాసుకోండి. సర్వే చేయడానికి మీకు గ్రామ స్థాయిలో మనుషులున్నారు.

మా హెచ్ఎంటీని ఇప్పటిదాకా నడిపిస్తున్నది కోవూరు వైపు ఉండే ఒక ముసలి మెకానిక్. వయసు ఎంతంటే నవ్వుతాడు. ఇంజన్ నడుస్తుండగా పొడుగు స్క్రూడ్రైవర్ మొనను హెడ్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటాడు. ఏ సిలిండర్‌లో ఏం కొట్టుకుంటోందో చెప్తాడు. విప్పి చూస్తే అదే ఉంటుంది. డీజిల్ అయిపోయి గాలి పట్టిన బండికి ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టడం నాకు నేర్పింది ఆయనే. ‘ఇంతమాత్రానికి నన్ను పిలవబాకమ్మా, పెట్రోలు దండగ’ అన్నాడు. ఇప్పుడు ఆ పని నేనే చేసుకుంటాను, మా అత్త టార్చి పట్టుకుంటుంది. పార్టు దొరక్కపోతే ఆయన నెల్లూరు ఆటోనగర్‌లో లేత్ మీద బుష్ తిప్పించుకొస్తాడు. ఆయన కొడుకు శ్రీసిటీలో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. ఆ పిల్లవాణ్ణి తప్పు పట్టను. నెల జీతం, పీఎఫ్, ఏసీ బస్సు. ఇక్కడ ఉంటే రైతు పంట అమ్మాక ఇస్తానంటాడు. కానీ ఆ చెవి ఆయనతోనే పోతుంది.

2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 రకాల చేతివృత్తులు ఉన్నాయి. కమ్మరి ఉన్నాడు, పడవలు చేసేవాడు ఉన్నాడు, తాళాలు చేసేవాడు, చేపల వలలు అల్లేవాడు ఉన్నారు. శిక్షణ, పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తున్నారు. అందరికీ ఇవ్వాల్సిందే. పల్లెల్లో ఇంజన్లు బాగు చేసే మెకానిక్ మాత్రం ఆ 18లో లేడు. ఈ పద్దు ఢిల్లీలో మారాలి, నాకు తెలుసు. మీరు పైకి ఒక ఉత్తరం రాయగలరు కదా. నా ఉత్తరం కంటే మీ ఉత్తరానికి బరువు ఎక్కువ.

శిక్షణ మాత్రం ఢిల్లీ దాకా పోకుండానే కుదురుతుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. నడపడం, బాగు చేయడం రెండూ అక్కడ నేర్పుతారు. మన రెండు జిల్లాల నుంచి ఏటా కొందరు పిల్లలను, వాళ్లలో ఆడపిల్లలను కూడా, దారి ఖర్చులు ఇచ్చి పంపించండి. నెల్లూరులో, దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. పెద్ద పంట నాట్లకు ముందు, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అక్కడ రిపేరు మేళాలు పెట్టండి. మా ముసలి మెకానిక్ లాంటివాళ్లను కూలీ ఇచ్చి గురువులుగా కూర్చోబెట్టండి. సర్టిఫికెట్ లేదని తిప్పి పంపొద్దు. ఆడవాళ్లను ఎందుకు ప్రత్యేకంగా చెప్తున్నానంటే, మగవాళ్లు టౌన్‌కి పనికి పోయిన ఇళ్లలో షెడ్డు తాళం చెవి ఆడవాళ్ల దగ్గరే ఉంటోంది. రిపేరు తరగతికి పిలుపు మాత్రం మగవాళ్ల పేరు మీద వస్తోంది.

పాత బండ్ల మీద నేర్చుకుంటే ఇప్పటి బండ్లకు ఏం పనికొస్తుందని అడగొచ్చు. పనికొస్తుంది. 2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకే కఠినమైన పొగ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వాటిలో ఇంజన్‌కి డీజిల్ కొట్టేది కంప్యూటర్, రిపేరుకు కంపెనీ వాళ్ల లాప్‌టాప్ రావాలి. అంతకన్నా చిన్న బండ్లు, అంటే మనవాళ్లు ఎక్కువగా కొనేవి, చాలావరకు ఇంకా స్పానర్‌తో విప్పి బిగించే ఇంజన్లే. పాత హెచ్ఎంటీ మీద డీజిల్ చిమ్మే నాజిల్ పని నేర్చినవాడికి ఇవాళ షోరూంలో ఉన్న 40 హార్స్ పవర్ బండి కొత్త కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసి, ముందుగా చూడాల్సిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలను చేర్చింది. హక్కు కాగితం మీద వచ్చి, బాగు చేసేవాడు ఊళ్లో లేకపోతే ఏం లాభం?

విడిభాగాల విషయంలో ఒక మంచి పని జరిగింది, చెప్పకపోతే అన్యాయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. వెనక టైర్లు మార్చాలనుకునేవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది. కానీ దొరికే పార్టుకే పన్ను తగ్గుతుంది. కంపెనీలు మూతపడిన బండ్ల పార్టులు ఎక్కడ దొరుకుతాయో, ఏ లేత్ షాపులో చేసిస్తారో, రెండు జిల్లాలకూ కలిపి ఒక జాబితా వేసి రైతు సేవా కేంద్రాల్లో పెట్టండి. ఖర్చు కూడా పెద్దగా లేని పని.

ఇంకో టెన్షన్ ఫోన్లలో తిరుగుతోంది. పదేళ్లు దాటిన ట్రాక్టర్లన్నీ తుక్కు చేయాల్సిందేనని. ఆ మాట పట్టుకుని పాత ఇనుము వ్యాపారులు వీధుల్లోకి వస్తున్నారు. ‘ఎట్లాగూ గవర్నమెంటు తీసేసుకుంటుంది, ఈ లోపు కిలోల లెక్కన నాకివ్వు’ అంటున్నారు. మా వీధిలోనే ఒక కుటుంబం నడిచే బండిని అలా అమ్ముకుంది. వ్యవసాయ ట్రాక్టర్ రవాణా వాహనం కిందికి రాదని, 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ అయ్యాక ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చని, వాటికి ఇంత వయసని ఏమీ పెట్టలేదని కేంద్ర రవాణా శాఖే వివరణ ఇచ్చింది. ఆ వివరణ ఇంగ్లీషులో ఉండిపోయింది, పుకారు తెలుగులో తిరుగుతోంది. దయచేసి దండోరా వేయించండి.

మీరు అనబోయే మాటలు కూడా నాకు తెలుసు. పాత ఇంజన్ పొగ కక్కుతుంది, డీజిల్ తాగుతుంది, బ్రేకులు నమ్మకం లేదు అంటారు. నిజమే. రింగులు అరిగిన ఇంజన్ తెల్లపొగ, నీలిపొగ రెండూ కక్కుతుంది. అందుకే రింగులు మార్చడానికి సాయం అడుగుతున్నాను. నాజిల్ సరిగ్గా కొట్టకపోతే డీజిల్ వృథా అవుతుంది. నాజిల్ పరీక్షించే పరికరం మండలానికి ఒకటి పెట్టినా ఎంతో డీజిల్ మిగులుతుంది. బ్రేకుల విషయంలో మీ మాటకు ఎదురు చెప్పను. మిర్చి కోతలకూ నాట్లకూ కూలీలను ట్రాలీలో కుక్కి, లైట్లు లేని బండితో హైవే ఎక్కేవాణ్ణి ఆపండి, కేసు రాయండి, మేమేమీ అనం. ఆడవాళ్ల ప్రాణాలు అలాగే పోతున్నాయి. రోడ్డెక్కే బండికి బ్రేకు, లైటు, రిఫ్లెక్టరు పరీక్ష ఉండాల్సిందే. ఆ పరీక్షలో తప్పిన బండిని బాగు చేసుకుని రావడానికి రైతుకు ఒక దారి కూడా ఉండాలి.

చివరిగా అడిగేది డబ్బుతో పెద్దగా పని లేనిది. ఒక షెడ్డు. ఒంగోలు గిత్తలను ఒకప్పుడు ఓడల్లో బ్రెజిల్ తీసుకుపోయారు. అక్కడ ఆ సంతతిని నెలోర్ పశువులంటారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే, 1904లో కదా గుంటూరు జిల్లాలోకి పోయింది. ఇక్కడ ఆ జాతి పలచబడకుండా చదలవాడలో ప్రభుత్వం పశు క్షేత్రం నడుపుతోంది. గిత్తల తరవాత మన పొలాల్లో బరువు మోసింది ఈ ఇంజన్లే. ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడిన బావిలోనే మొదటి ఆయిల్ ఇంజన్ దిగింది. యాభై ఏళ్లు దాటిన కార్లు, మోటార్ సైకిళ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవడానికి 2021లో కేంద్రం నియమాలు పెట్టింది, ‘వీఏ’ అనే నంబర్ సిరీస్ కూడా ఇచ్చింది. కొత్తగా నమోదు చేయాలంటే 20 వేల రూపాయలు. నగరాల్లో కార్లు దాచుకునేవాళ్లకు ఆ దారి బాగుంది. దుక్కి దున్నిన ట్రాక్టర్, నీళ్లు తోడిన ఇంజన్ ఆ లెక్కలో ఎవరికీ గుర్తురావు.

దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలోనో, నెల్లూరులో ఏదైనా మార్కెట్ యార్డులోనో వాడకుండా ఉన్న గోడౌన్ ఒకటి ఇవ్వండి. రెండు చక్రాల ఇంజన్లు, చెక్క నాగలి, ఇనుప నాగలి, గొర్రు, తూర్పారపట్టే ఫ్యాన్, పాత ట్రాక్టర్లు రైతులే తెచ్చి పెడతారు. ఇచ్చేసినవాళ్ల పేర్లు ఒక బోర్డు మీద రాయండి చాలు. అయితే రంగులు పూసి తాడు కట్టి ‘ముట్టరాదు’ అని పెట్టే పని మాత్రం వద్దు. నెలకోసారైనా స్టార్ట్ చేయాలి. ఐటీఐ పిలకాయలు వచ్చి విప్పాలి, బిగించాలి, చేతులు నల్లగా చేసుకోవాలి. కనుమ రోజు ఊరూరా బండలాగుడు పోటీలు పెట్టుకుంటాం, ఆ రోజు ఈ ఇంజన్లు కూడా నడిపించి చూపిద్దాం. పోటీ ఏం పెట్టాలో కూడా చెప్తాను: హ్యాండిల్ కొట్టి ఎవరు ముందు స్టార్ట్ చేస్తారని. బొటనవేలి పాఠం చెప్పాకే సుమా.

ఈ లేఖకు జవాబు ఏ శాఖ ఇవ్వాలో మీలో మీరు తేల్చుకోండి. వ్యవసాయ శాఖ రవాణా శాఖ అంటుంది, రవాణా శాఖ పరిశ్రమల శాఖ అంటుంది, మధ్యలో మా లైనర్లు అరిగిపోతాయి. మరమ్మతు పద్దు మొదట ఒక్క మండలంలో పెట్టి చూస్తామన్నా సంతోషమే. కావాలంటే మా మండలంతోనే మొదలుపెట్టండి. ఏ ఊళ్లో ఎన్ని పాత ట్రాక్టర్లు, ఎన్ని ఇంజన్లు నడుస్తున్నాయో, ఎన్ని మూలన పడి ఉన్నాయో లెక్క తీసే పనికి మేం నలుగురం ఆడవాళ్లం తోడు వస్తాం. నాట్ల వేళ కాకుండా ఎప్పుడు వచ్చినా షెడ్డు తలుపు తీసి చూపిస్తాం. తెల్ల చొక్కాతో మాత్రం రాబాకండి.

ఇట్లు,
విడవలూరు మండలం నుంచి ఒక మహిళా రైతు